ఆర్‌వీ ట్రిప్‌లో మొదటి రోజు: లాస్ వేగస్ నుంచి యాభై మైళ్లు చాలు

మొదటిసారి ఆర్‌వీ, అంటే మంచాలు, వంటగది, టాయిలెట్ ఉన్న చక్రాల ఇల్లు, అద్దెకి తీసుకున్నప్పుడు మేం వేసుకున్న ప్లాన్ ఇది: మధ్యాహ్నం ఒంటిగంటకి లాస్ వేగస్‌లో బండి తీసుకోవాలి, రాత్రి భోజనం యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో చెయ్యాలి. దూరం సుమారు 160 మైళ్లు. కారైతే రెండున్నర గంటలు. తీరా చూస్తే తాళం చేతికొచ్చేసరికి మూడైంది. సరుకులు కొని సర్దేసరికి ఐదు. అది నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ వారం, ఆ రోజుల్లో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. 25 అడుగుల బండిని జీవితంలో మొదటిసారి నడపడం, అదీ చీకట్లో, ఆరిజోనా మూలన ఉన్న వర్జిన్ నది లోయ మలుపుల్లో. పైగా యూటాలో గడియారం గంట ముందుంటుందన్న సంగతి సరిహద్దు దాటాక గుర్తొచ్చింది. క్యాంపు చేరేసరికి పదిన్నర. కరెంటు వైరు ఏ తలుపు వెనక ఉందో సెల్‌ఫోన్ లైటు వేసి వెతుక్కున్నాం. పిల్లలు చిప్స్ తిని పడుకున్నారు. మా ఇద్దరికీ మర్నాడు మధ్యాహ్నం దాకా మాటల్లేవు.

రెండోసారి అదే ఊళ్లో అలాంటి బండే తీసుకుని, మొదటి రాత్రి 50 మైళ్ల దూరంలో ఉన్న వ్యాలీ ఆఫ్ ఫైర్ స్టేట్ పార్కులో ఆగాం. కింద రాసిందంతా ఆ రెండో ట్రిప్ లెక్క. మొదటి రోజుని ప్రయాణం కింద జమ వెయ్యకండి. అది బండి నేర్చుకునే రోజు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇంటికి చక్రాలు తగిలించి నడిపి చూడమనలేదు గానీ, చూసుంటే అదీ చేర్చేవారు.

బుక్ చేసేటప్పుడు

నలుగురికి క్లాస్ సి బండి సరిపోతుంది. అంటే ముందు భాగం మామూలు వ్యాన్‌లా ఉండి, డ్రైవర్ నెత్తి మీద ఒక మంచం ఉండేది. 25 అడుగులది తీసుకోండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే 28, 30 అడుగులవి చూస్తారు, సరే, కానీ వెనక్కి పెట్టేటప్పుడు ఆ ఐదడుగులూ ఏడిపిస్తాయి. నెత్తి మీది మంచానికి నిచ్చెన ఎక్కాలి కాబట్టి అది పిల్లలకి. పెద్దవాళ్లకి వెనక మంచం ఇచ్చి, మీరు డైనింగ్ టేబుల్‌ని మడిచి మంచం చేసుకోండి.

ఈ సైజు బండ్లకి అమెరికాలో మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. అద్దె ఒప్పందంలో రోజుకి ఎన్ని మైళ్లు, జనరేటర్ ఎన్ని గంటలు కలిపి ఇస్తున్నారో చూసుకోండి. దాటితే విడిగా కట్టాలి. ఇన్సూరెన్స్ పేజీ కూడా చదవండి. చాలా ఒప్పందాల్లో బండి పైకప్పుకి, అడుగుభాగానికి తగిలిన దెబ్బలు ఇన్సూరెన్స్ కిందకి రావు. చెట్టు కొమ్మ గీసుకున్నా ఖర్చు మనదేనన్నమాట.

క్యాంపు విషయానికొస్తే, వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో అట్లాట్ల్ రాక్ క్యాంపుగ్రౌండ్‌లో కొన్ని సైట్లకి, అంటే బండి పెట్టుకునే చోట్లకి, కరెంటు, నీళ్లు రెండూ ఉంటాయి. మొదటి రాత్రికి అలాంటిదే కావాలి. ప్రతి సైటుకీ డ్రైనేజీ ఉండదు, పార్కులో ఒకచోట మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఉంటుంది. నెవాడా స్టేట్ పార్కుల వెబ్‌సైట్‌లో ముందే రిజర్వ్ చేసుకోండి, సెలవు రోజులకైతే ఎంత ముందైతే అంత మంచిది. వెనక్కి పెట్టాల్సిన అవసరం లేకుండా ఇటునుంచి వెళ్లి అటు బయటికొచ్చే పుల్-త్రూ సైటు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. జూన్, జులైల్లో ఇక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. అక్టోబర్ మూడో వారం నుంచి నవంబర్ దాకా, మళ్లీ మార్చిలో హాయిగా ఉంటుంది.

ముందురోజు రాత్రి వేగస్‌లోనే పడుకోండి

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో పొద్దున ఫ్లైటెక్కి మధ్యాహ్నం బండి తీసుకుందామనుకుంటే ఒక్క ఫ్లైట్ ఆలస్యంతో రోజంతా చెడుతుంది. ముందురోజు దిగి, హోటల్లో పడుకుని, పొద్దున్నే సరుకులు కొనేయండి. బండి ఇచ్చేది చాలాచోట్ల మధ్యాహ్నమే. డబ్బు కట్టయినా సరే, ముందుగా ఇస్తారేమో అడగండి. పదకొండుకి తాళం చేతికొస్తే ఆ రోజు మీదే.

సామాను గట్టి సూట్‌కేసుల్లో తేకండి, పెట్టడానికి చోటుండదు. మెత్తటి సంచులు నయం, బట్టలు అలమరలో పెట్టేసి సంచి మడిచెయ్యొచ్చు. మేం నాలుగు పెద్ద సూట్‌కేసులతో వెళ్లి వారం రోజులు వాటిని స్నానాలగదిలో పెట్టుకున్నాం. స్నానం చెయ్యాలన్న ప్రతిసారీ నాలుగూ బయటికి, చేశాక నాలుగూ లోపలికి.

తాళం తీసుకునే ముందు: ఆ గంట విలువైనది

బండి ఇచ్చేటప్పుడు ఒక మనిషి అన్నీ చూపిస్తూ గబగబా చెప్పుకుపోతాడు. ఇరవై నిమిషాల్లో ముగించేద్దామని చూస్తాడు. మొహమాటపడొద్దు. ఇంట్లో ఒకరు ఫోన్‌లో వీడియో తీస్తూ ఉండాలి, ఇంకొకరు ప్రశ్నలడగాలి. రాత్రి క్యాంపులో మీకు దిక్కు ఆ వీడియోనే.

మొదట బండి చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు ఫోటోలు తీయండి. పైకప్పు, వెనక మూలలు, అద్దాలు, టైర్లు, పైనుంచి చాపుకునే గుడ్డ పందిరి. ఆ తర్వాత కింది పనులు ఆయన్ని చేసి చూపించమనండి. నోటితో చెప్తే చాలదు, ఒక్కోటీ ఆయన ఎదురుగా మీ చేత్తో మీరు కూడా చెయ్యాలి:

- కరెంటు వైరు, నీళ్ల పైపు, మురుగునీటి పైపు ఏ అరలో ఉన్నాయి. తాగే నీళ్ల పైపు సాధారణంగా తెల్లగానో నీలంగానో ఉంటుంది. మురుగు పైపుతో అది ఒకే అరలో పడి ఉంటే వేరే ఇమ్మనండి.
- ఫ్రిజ్ ఇప్పుడే ఆన్ చేయించండి. గ్యాస్ మీద నడిచే పాత తరహా ఫ్రిజ్ చల్లబడటానికి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వీలైతే ముందురోజే ఫోన్ చేసి ఆన్ చేసి ఉంచమని అడగండి.
- స్లైడ్-అవుట్ (బండి ఆగాక గోడతో సహా బయటికి జరిగి లోపల చోటు పెంచే భాగం) ఉంటే ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి. అది నడిచే దారిలో కుర్చీ, చెప్పు, పిల్లాడి బొమ్మ ఏదీ ఉండకూడదు.
- గ్యాస్ వాల్వు, జనరేటర్, హీటర్, వేన్నీళ్ల స్విచ్, నీళ్ల పంపు స్విచ్.
- రెండు మురుగు ట్యాంకుల వాల్వులు. ఏది నల్లది, ఏది బూడిదరంగుది. నల్లది టాయిలెట్‌ది, బూడిదరంగుది సింకు, స్నానం నీళ్లది.
- స్పేర్ టైరు ఉందా, టైరు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌తో పోల్చి చూడండి.

జనరేటర్ గురించి ఒక మాట. ఇలాంటి చాలా బండ్లలో అది బండి పెట్రోల్ ట్యాంకు నుంచే తాగుతుంది. ట్యాంకు పావు వంతుకి వచ్చేసరికి జనరేటర్ దానంతటదే ఆగిపోయేలా పెడతారు, లేకపోతే ఏసీ వేసుకుని పడుకుని తెల్లారి బండి కదలక కూర్చోవాలి. ఇది తెలియక మేం జనరేటర్ పాడైందనుకుని అర్ధగంట టెన్షన్ పడ్డాం.

చివరగా బండి ఎత్తు అడిగి, స్టీరింగ్ పక్కన ఒక చీటీ మీద రాసి అంటించండి. క్లాస్ సి బండ్లు ఏసీతో కలిపి పదకొండు, పన్నెండు అడుగులుంటాయి. డ్రైవ్-త్రూలు, పార్కింగ్ గ్యారేజీలు ఈ వారం మీకు లేనట్టే.

సర్దుడు

ముందే సరుకులు కొన్నారు కాబట్టి మిగిలింది సర్దడమే. బరువైనవి కింద, తేలికవి పైన. పచ్చడి సీసాలు పై అలమరలో పెట్టకండి. మొదటి మలుపులోనే తలుపు తెరుచుకుని గోంగూర సీసా నేలకి దిగిందంటే ఆ నూనె, ఆ వాసన బండి తిరిగి ఇచ్చేదాకా పోవు. సీసాల మధ్య తువ్వాళ్లు కుక్కండి. సాసర్లు, గ్లాసులు గలగలలాడే చప్పుడు గంటసేపు వింటే తలనొప్పి ఖాయం, వాటి మధ్య కూడా పేపర్ నాప్కిన్లు పెట్టండి.

మొదటి రాత్రికి వంట పెట్టుకోవద్దు. పొద్దున హోటల్లో చిన్న రైస్ కుక్కర్లో అన్నం వండి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పేస్టు కలిపేయండి. పెరుగు, అరటిపళ్లు, చిప్స్. పులిహోరకి ఫ్రిజ్ అక్కర్లేదు, రాత్రికి ఇంకా బాగుంటుంది. పెరుగుకి మాత్రం ఐసు వేసిన చిన్న కూలర్ ఉండాలి, బండి ఫ్రిజ్ ఆ రోజుకి చల్లబడుతుందని నమ్మకండి.

మంచినీళ్ల ట్యాంకు సగం నింపుకుంటే చాలు. నలభై గాలన్ల ట్యాంకు పూర్తిగా నింపితే 330 పౌండ్ల బరువు, అంటే ఇద్దరు పెద్ద మనుషుల్ని అదనంగా మోసుకెళ్లినట్టు. క్యాంపులో ఎలాగూ కొళాయి ఉంది.

స్టీరింగ్ ముందు

రోడ్డెక్కే ముందు అద్దెకిచ్చిన చోటే, లేదా ఏదైనా పెద్ద ఖాళీ పార్కింగ్‌లో, పావుగంట ప్రాక్టీస్ చెయ్యండి. రెండు కుడి మలుపులు, రెండు ఎడమ మలుపులు, నాలుగుసార్లు వెనక్కి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అక్కడ అందరూ అదే చేస్తుంటారు.

కారు నడిపినవాళ్లకి అంత త్వరగా తలకెక్కనిది బండి తోక. వెనక చక్రాల తర్వాత ఆరేడు అడుగుల బండి ఉంటుంది. మీరు కుడివైపు గట్టిగా తిప్పితే ఆ తోక ఎడమవైపు బయటికి ఊగుతుంది. పెట్రోల్ బంకుల్లో పంపు పక్కన పసుపు రంగు ఇనుప స్తంభాలుంటాయి చూశారూ, అద్దె బండ్ల వెనక మూలల మీద ఉండే గీతల్లో చాలావాటికి పుట్టినిల్లు అవే. పెట్రోల్ కొట్టించుకుని బయల్దేరేటప్పుడు ముందు బండి పొడుగంత తిన్నగా వెళ్లి, ఆ తర్వాతే తిప్పండి.

ఇక రోడ్డు. ఐ-15 హైవే మీద ఉత్తరానికి, గంటకి 60, 62 మైళ్లు దాటకుండా, కుడి లేనులో. లిమిట్ 75 అయినా సరే. వెనకాల ట్రక్కులు దాటుకుపోతాయి, పోనివ్వండి. పెద్ద ట్రక్కు పక్కనుంచి వెళ్లేటప్పుడు ముందు గాలి బండిని పక్కకి నెడుతుంది, తర్వాత దాని వైపు లాగుతుంది. మొదటిసారి గుండె ఝల్లుమంటుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని చిన్నగా సరిచెయ్యండి, ఒక్కసారిగా తిప్పకండి. ముందు బండికీ మీకూ మధ్య కారులో వదిలేదానికి రెండింతలు చోటు వదలండి, ఆరేడు టన్నుల బండి బ్రేకు వెయ్యగానే ఆగదు.

పిల్లలు ఇల్లులా ఉందని లేచి తిరుగుతారు. ఒప్పుకోవద్దు. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లలో, బెల్టులు పెట్టుకుని. టాయిలెట్‌కి వెళ్లాలంటే బండి ఆపాలి, ఫ్రిజ్‌లో జ్యూస్ కావాలన్నా ఆపాలి. నెత్తి మీది మంచం ఎక్కి అద్దంలోంచి చూస్తామంటారు, అది అసలే కుదరదు.

75వ ఎగ్జిట్ దగ్గర దిగాలి. అక్కడ మొపా పైయూట్ అనే ఆదివాసీ తెగవాళ్ల ట్రావెల్ ప్లాజా ఉంది, పెట్రోల్ ఉంది, బండి తిప్పుకోవడానికి చోటు కూడా ఉంది. పార్కు లోపల పెట్రోల్ దొరకదు కాబట్టి ఇక్కడే నింపుకోండి. ఈ బండ్లు గాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్లే ఇస్తాయి. పెట్రోల్ కొట్టించే ముందు గ్యాస్ మీద నడిచేవన్నీ, ఫ్రిజ్‌తో సహా ఆపెయ్యాలి. ఇక్కణ్ణుంచి పార్కు గేటు సుమారు పదిహేను మైళ్లు. రోడ్డు ఊయలలా పైకీ కిందికీ ఉంటుంది, నెమ్మదిగా వెళ్లండి. ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది, రిజర్వేషన్ కాగితం, మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి.

క్యాంపులో దిగాక

మూడు గంటలకల్లా చేరి ఉంటారు. ఎర్రటి రాళ్లు కనబడగానే పిల్లలు దూకబోతారు. పదిహేను నిమిషాలు ఆగమనండి.

వెనక్కి పెట్టే సైటైతే ఒకరు దిగి, డ్రైవర్ వైపు వెనక మూలన, అద్దంలో కనబడేలా నిలబడాలి. నిలబడ్డవాళ్లకి అద్దంలో డ్రైవర్ ముఖం కనబడకపోతే డ్రైవర్‌కీ వాళ్లు కనబడట్లేదని లెక్క, అప్పుడు బండి ఆపాల్సిందే. కుడి, ఎడమ అనే మాటలు నిషేధం, ఎవరి కుడో తేలదు. "డ్రైవర్ వైపు", "రెండో వైపు" అని చెప్పుకోండి. "ఇటు తిప్పండి, ఇటు" అంటే డ్రైవర్‌కేం అర్థమవుతుంది? ఇంకో సంగతి, వెనక నిలబడ్డవాళ్లు పైకి కూడా చూడాలి. కొమ్మలుంటాయి.

తర్వాత పనుల వరుస తప్పకూడదు. కరెంటు బోర్డు, కొళాయి సాధారణంగా డ్రైవర్ వైపు వెనకగా ఉంటాయి, వైరు అందేలా బండి పెట్టారో లేదో ఇంజన్ ఆపకముందే చూసుకోండి. బండి సమంగా ఉందో లేదో ఫోన్‌లోని లెవెల్ యాప్‌ని బండి లోపల నేల మీద పెట్టి చూడండి. ఒరిగి ఉంటే పల్లంగా ఉన్న చక్రం ముందు ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి ఎక్కించాలి. నిద్రలో మనిషి దొర్లడం ఒక ఎత్తు, గ్యాస్ ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగ్గా చల్లబడదు, అది ఇంకో ఎత్తు. సమంగా ఉందనుకున్నాక చక్రాలకి అడ్డు పెట్టండి.

అప్పుడు కరెంటు. బోర్డులో బ్రేకర్ ఆఫ్ చేసి, ప్లగ్ పెట్టి, తర్వాత ఆన్ చెయ్యండి. ఆన్‌లో ఉండగా ప్లగ్ పెట్టొద్దు, నిప్పురవ్వ లేస్తుంది. తర్వాత నీళ్లు. కొళాయి ఒక నిమిషం వదిలేసి, ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించి, దానికి పైపు కలపండి. క్యాంపు కొళాయిల్లో ప్రెషర్ ఒక్కోచోట ఎక్కువుంటుంది, బండి లోపలి పైపులు అంత తట్టుకోలేవు. లోపల వేడినీళ్ల కొళాయి తిప్పి గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగండి, ఆ తర్వాతే హీటర్ స్విచ్. ఖాళీ హీటర్‌ని కరెంటు మీద ఆన్ చేస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. చివర్లో స్లైడ్.

ఇక వదిలెయ్యండి పిల్లల్ని. క్యాంపు పక్కనే అట్లాట్ల్ రాక్, ఇనుప మెట్లెక్కితే రాతి మీద వేల ఏళ్ల కిందటి మనుషులు గీసిన బొమ్మలు కనిపిస్తాయి. అట్లాట్ల్ అంటే ఈటెని దూరంగా విసరడానికి వాడిన కర్ర. ఆ బొమ్మల్ని చేత్తో తాకకూడదని ముందే చెప్పండి. ఈ కొండలు డైనోసార్ల కాలపు ఇసుక దిబ్బలు గట్టిపడి రాళ్లయినవి. పేరులో ఉన్న ఆ నిప్పు సాయంత్రం ఎండ వాలినప్పుడు కనబడుతుంది. ఒంపు కొమ్ముల అడవి గొర్రెలు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. ఇదంతా చూసే తీరిక, వెలుగు రెండూ ఉండటం కోసమే పొద్దున్నించి ఈ హడావుడి.

రాత్రి: కరెంటు లెక్క

ఈ బండ్లలో సాధారణంగా వచ్చేది 30 ఆంపియర్ల కనెక్షన్. 120 వోల్టుల మీద లెక్కేస్తే మొత్తం 3,600 వాట్లు. పైన ఏసీకి సుమారు 1,500, మైక్రోవేవ్‌కి అంతే, వేన్నీళ్ల హీటర్ కరెంటు మీద ఉంటే దాదాపు 1,400. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌కి వెయ్యి. మూడు పెద్దవి ఒకేసారి పెడితే ఠక్కున చీకటి. హెయిర్ డ్రయ్యర్ తియ్యబోయే ముందు "ఏసీ ఆపుతున్నా" అని కేకెయ్యడం మా ఇంట్లో అలవాటైపోయింది. బ్రేకర్ పడిపోతే ముందు లోపలి పెట్టెలో చూడండి, తర్వాత బయటి బోర్డులో.

పోపు పెట్టాలనిపిస్తే బయట పెట్టుకోండి. మొదటి ట్రిప్‌లో ఎండుమిరపకాయలు నూనెలో పడిన అర నిమిషంలో పొగ అలారం మోగింది, పక్క సైటు పెద్దాయన నీళ్ల బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. అలారం బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తియ్యకండి. నేలకి దగ్గరగా ఇంకో డిటెక్టర్ ఉంటుంది, అది గ్యాస్ లీకుది. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. దాని ముందు చెప్పులు, సంచులు పెట్టొద్దు.

టాయిలెట్ విషయం ఎవరూ అడగరు, అందరికీ కావాలి. వాడకముందే ట్యాంకులో రెండు మూడు సార్లు ఫ్లష్ చేసినన్ని నీళ్లు, వాళ్లిచ్చిన మందు వెయ్యండి. ఆర్‌వీల కోసం అమ్మే త్వరగా కరిగే పేపరే వాడాలి. నల్ల ట్యాంకు వాల్వు మూసే ఉంచండి, తెరిచి ఉంచితే నీళ్లు పోయి మిగతాది లోపలే గడ్డకడుతుంది. ఖాళీ చేసేది రెండు మూడు రోజులకి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక. అప్పుడు కూడా ముందు నల్లది, తర్వాత బూడిదరంగుది. సబ్బు నీళ్లు వెనకాలొచ్చి పైపుని కడిగేస్తాయి. మొదటి రాత్రి ఆ జోలికే వెళ్లక్కర్లేదు.

నవంబర్ రాత్రులు ఎడారి గజగజలాడిస్తుంది. హీటర్ వేసుకోండి, కానీ పైకప్పు గాలి కిటికీ మూశారో లేదో చూసుకోండి, మేం ఒక రాత్రంతా వేడిని ఆకాశంలోకి పంపించాం. గుడ్డ పందిరి చుట్టేసి పడుకోండి, అర్ధరాత్రి గాలి లేస్తే అది విరుగుతుంది. నీళ్ల పంపు స్విచ్ కూడా ఆపెయ్యండి. కొళాయి కనెక్షన్ ఉండగా దాంతో పనిలేదు, పైగా అది మంచం కిందే ఉంటుంది, రెండింటికి గుర్రుమని లేపుతుంది.